బడి గేటు దగ్గర ఆగిపోయే జబాన్

ఐర్లాండ్‌లో 2022లో జనగణన జరిగింది. మీకు ఐరిష్ జబాన్ వచ్చా అని అడిగితే 18 లక్షల 73 వేల మంది వచ్చు అన్నారు. మూడేళ్ళు దాటినవాళ్ళలో నూటికి నలభై మంది అన్నమాట. అదే కాగితం మీద ఇంకో సవాల్ కూడా ఉంది. బడి సంగతి పక్కన పెట్టండి, బడి బయట రోజూ మాట్లాడతారా అని. దానికి హా అన్నవాళ్ళు 71,968 మంది. మొత్తం ముల్క్ కలిపితే అంతే. మన పాతబస్తీలో నాలుగు మొహల్లాలు కలిపితే అంతకంటే ఎక్కువ మందే తేలతారు.

నేను ఇవాళ చెప్పదలచుకున్న మాటంతా ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే ఉంది. ఆ 18 లక్షల మందిని తయారుచేసింది బడి. మరి మిగతావాళ్ళు ఎందుకు మాట్లాడటం లేదు, బడి ఫెయిలయిందా అని అడిగేవాళ్ళున్నారు. నేనట్లా అనుకోను. పిల్లలకు జబాన్ నేర్పే తాకత్ బడికి ఉంది. అమ్మానాన్న తమ మర్జీతో పంపితే ఇంకా బాగా నేర్పుతుంది. కానీ ఆ జబాన్‌ను బతికించే తాకత్ మాత్రం బడికి ఒక్కదానికే లేదు. ఉర్దూ మీడియం గురించి బహస్ మొదలైందంటే మనవాళ్ళు ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తారు. అందుకే అంత దూరం పోయి చూసి రావాలనిపించింది.

ఐరిష్ అంటే ఇంగ్లీష్‌లో ఒక యాస అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కాదు. అది వేరే ఖాన్‌దాన్, కెల్టిక్ భాషల ఖాన్‌దాన్. వాక్యంలో క్రియ ముందొస్తుంది. అవును, కాదు అని చెప్పడానికి విడిగా మాటలు లేవు. వచ్చావా అంటే వచ్చాననో రాలేదనో చెప్పాలి, మనం తెలుగులో చెప్పుకున్నట్టే. ఐరిష్ ఇంకా ఇంటి భాషగా మిగిలిన పల్లెల్ని గేల్‌టాఖ్త్ అంటారు. ఎక్కువగా పడమటి సముద్రపు ఒడ్డునుంటాయి. ఆ ఖ్ తెలుగు ఖ కాదు సుమా, ఖబర్‌లోనూ ఖాలాలోనూ వచ్చే గొంతు ఖే. ఇంగ్లీష్ నోరు దాన్ని క చేసి పారేస్తుంది. మన చార్మినార్ గల్లీ పోరడు మాత్రం మొదటిసారే సరిగ్గా పలుకుతాడు.

ఈ జబాన్ దానంతట అది పోలేదు. 1831లో అంగ్రేజ్ హుకూమత్ ఐర్లాండ్‌లో జాతీయ పాఠశాలలు మొదలుపెట్టింది. బీదవాళ్ళ పిల్లలకు తాలీమ్ అందించే బడులు. మంచి పనే, లేకిన్ తాలీమ్ అంతా ఇంగ్లీష్‌లో. ఇంట్లో ఐరిష్ తప్ప ఇంకో ముక్క రాని పిల్లలకు కూడా ఇంగ్లీష్‌లోనే. మన దగ్గర మెకాలే సాబ్ తన నోట్ రాసింది 1835లో. నాలుగేళ్ళ ఫరక్, ఒకే దుకాణం సామాను.

ఆ రోజుల్లో బాటా స్కోర్ అని ఒక కర్ర ఉండేది. పిల్లాడి మెడలో తాడు కట్టి వేలాడదీసేవాళ్ళు. నోట్లోంచి ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా కర్రమీద ఒక గాటు. తర్వాత గాట్లు లెక్కపెట్టి సజా. పంతులు జాలిమ్ అని తిట్టేసి ఊరుకుంటే సులువుగా తెమిలిపోయేది. కానీ ఇంటి దగ్గర నాయనే గాటు పెట్టి, లెక్క తేల్చమని పిల్లాడిని బడికి పంపిన ఉదంతాలు కూడా రాసిపెట్టి ఉన్నాయి. ఆ నాయనకు ఇంగ్లీష్ రాదు. తన జబాన్ మీద నఫ్రత్ కూడా లేదు. తన కొడుక్కి అది రోటీ పెట్టదని మాత్రం తెలుసు. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి పోయారు. ఎక్కువ దెబ్బ తిన్నది పడమటి పల్లెలు, ఐరిష్ మాట్లాడేది కూడా వాళ్ళే. బతికినవాడికి లివర్‌పూల్‌లోనో న్యూయార్క్‌లోనో కూలి దొరకాలంటే ఇంగ్లీష్ కావాలి. తల్లిదండ్రుల ఆ మజ్బూరీని అర్థం చేసుకోకుండా భాష గురించి లెక్చర్ ఇచ్చేవాళ్ళంటే నాకు కోపం.

అదంతా పాతకాలం అనకండి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేట్ స్కూల్‌లో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో, ఇక ఎప్పుడూ తెలుగు మాట్లాడను అని ఇంగ్లీష్‌లో రాసిన పలకలు వేలాడదీశారు. అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. కర్ర పోయి పలక వచ్చింది, మెడ మాత్రం అదే.

సరే, ఐర్లాండ్‌లో జనం లేచింది ఎప్పుడు? 1893లో గేలిక్ లీగ్ పుట్టింది. మన మాటల్లో చెప్పాలంటే జబాన్ కోసం ఒక అంజుమన్. పెట్టినవాళ్ళలో ముఖ్యుడు డగ్లస్ హైడ్. ఇతను ప్రొటెస్టంట్ పాదిరీ కొడుకు. ఐరిష్ అంటే కాథలిక్కుల సొత్తు అనుకునేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు. ఉర్దూ ముసల్మాన్ల జబాన్ అని తీర్మానించేవాళ్ళకు నేను ప్రేమ్‌చంద్ పేరు, ఫిరాఖ్ గోరఖ్‌పురీ పేరు చెప్తుంటాను. ఇకమీద హైడ్ పేరు కూడా కలుపుతాను. 1938లో ఐర్లాండ్ మొదటి రాష్ట్రపతి అయింది ఆయనే.

ఇంకొకడు పాట్రిక్ పియర్స్. 1916 బగావత్‌లో అంగ్రేజ్ తుపాకులకు బలైనవాడు. అందరూ ఆయన్ని షహీద్‌గా గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఆయన ముందు ఉస్తాద్. 1908లో డబ్లిన్‌లో సెయింట్ ఎండాస్ అనే బడి పెట్టాడు. ఐరిష్, ఇంగ్లీష్ రెండు జబాన్లలో తాలీమ్. ఆ బడికి ఎప్పుడూ పైసల తక్లీఫే. 1913లో ఆ బడి చందా కోసం డబ్లిన్ ఆబీ థియేటర్‌లో ఒక నాటకం వేశారు, రవీంద్రనాథ్ టాగోర్ రాసిన డాక్‌ఘర్. పియర్స్ ఐరిష్‌లో రాసిన నాటిక కూడా అదే రోజు ఆడింది. టాగోర్‌కు నోబెల్ వచ్చింది ఆ ఏడాది ఆఖర్లో, ఈ నాటకం మే నెలలోనే. శాంతినికేతన్‌లో బడి నడుపుకుంటున్న శాయర్ నాటకంతో అక్కడి బడికి నాలుగు పైసలు వచ్చాయి. రెండు గులామ్ ముల్కుల ఉస్తాదులు ఒకరినొకరు ఇట్లా ఆదుకున్నారు. ఈ సంగతి మన పాఠాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఆజాదీ వచ్చింది 1922లో. అసలు ఇమ్తెహాన్ అప్పుడు మొదలైంది.

కొత్త హుకూమత్ పెద్ద జోష్‌లో ఉంది. ఆ ఏడాది మార్చి నుంచి ప్రతి ప్రైమరీ బడిలో రోజుకు కనీసం ఒక గంట ఐరిష్ ఉండాలన్నారు. చిన్న తరగతులకైతే మొత్తం తాలీమ్ ఐరిష్‌లోనే అన్నారు. ఎంత బాగుంది వినడానికి! ఇబ్బంది ఏమంటే, అప్పటికి ముల్క్‌లో ఎక్కువ ఇళ్ళలో ఐరిష్ లేదు. టీచర్లలో ఎక్కువమందికే రాదు. వేసవి సెలవుల్లో వాళ్ళకు కోర్సులు పెట్టి, కిందటి నెల నేర్చుకున్నది ఈ నెల పిల్లలకు నేర్పండి అన్నారు. నాలుగైదేళ్ళ పిల్ల, ఇంట్లో ఒక్క ముక్క వినని జబాన్, టీచర్‌కు కూడా అరకొరగా వచ్చిన జబాన్. అమ్మానాన్నను అడిగినవాళ్ళు లేరు. 1941లో టీచర్ల సంఘమే రిపోర్ట్ రాసింది, ఇంగ్లీష్ ఇళ్ళనుంచి వచ్చే చిన్నపిల్లలకు ఈ పద్ధతి మేలు చేయటం లేదని. హుకూమత్ చెవిన పెట్టలేదు. 1960 నాటికి గానీ చిన్న తరగతుల నియమం సడలలేదు. 1966లో జాన్ మాక్‌నమారా అనే పరిశోధకుడు, ఐరిష్‌లో లెక్కలు చదివిన పిల్లలు వెనకబడుతున్నారని పుస్తకం రాశాడు. ఆయన పెట్టిన పరీక్షల తీరు మీద తర్వాత చాలా ఏతరాజ్ వచ్చింది. అయినా జనంలో మాట నాటుకుపోయింది. పైగా స్కూల్ ఫైనల్ పాసవ్వాలంటే ఐరిష్ పాస్ కావాలనే షరత్ 1973 దాకా ఉంది. ఐరిష్ తప్పితే అన్నీ తప్పినట్టే. అట్లా ఒక తరం మొత్తానికి తమ సొంత జబాన్ అంటే బెత్తం, ఫెయిల్, చెమట పట్టిన అరచేతులు గుర్తొచ్చేలా చేశారు.

1937 రాజ్యాంగంలో ఐరిష్ మొదటి అధికార భాష అని రాసుకున్నారు. ఇంగ్లీష్ రెండోది. 1970ల మొదట్లో గేల్‌టాఖ్త్ బయట మొత్తం ఐరిష్‌లో నడిచే ప్రైమరీ బడులు ఎన్ని మిగిలాయో తెలుసా? పదకొండు. యాభై ఏళ్ళ జబర్దస్తీ నతీజా అది.

ఇక్కడ ఇమాందారీతో ఒక మాట చెప్పుకోవాలి. మనకూ అట్లాంటి చరిత్ర ఉంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీని ఉర్దూ మీడియంలో మొదలుపెట్టినప్పుడు, డాక్టరీ నుంచి ఇంజనీరింగ్ దాకా దేశీ జబాన్‌లో చెప్పొచ్చని హైదరాబాద్ నిరూపించింది. దాని మీద నాకు గురూర్ ఉంది. తర్జుమా చేయడానికే ఒక దార్-ఉల్-తర్జుమా పెట్టుకున్న హుకూమత్ ఇంకెక్కడుంది? కానీ అదే కాలంలో తెలుగు ఇళ్ళనుంచి వచ్చిన పిల్లవాడు ఉర్దూలో చదవలేక నలిగిపోయాడు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకుని తెలుగు పుస్తకం కోసం తెలుగువాళ్ళు ఎంత తపించారో చదివితే, ఐర్లాండ్ పిల్లాడి మెడలో కర్ర గుర్తొస్తుంది. మన జబాన్ అయినంత మాత్రాన జబర్దస్తీ మొహబ్బత్ అయిపోదు.

ఐరిష్ బడి మళ్ళీ లేచింది హుకూమత్ కోటలో కాదు, బెల్ఫాస్ట్‌లో. అది ఐర్లాండ్ ఉత్తరపు ముక్క, బ్రిటన్ చేతిలోనే ఉంది. అక్కడ ఐరిష్‌కు సర్కారీ ఇజ్జత్ అప్పట్లో సున్నా. కొన్ని కుటుంబాలు కలిసి షాస్ రోడ్‌లో స్థలం కొని, సొంతంగా ఇళ్ళు కట్టుకుని, ఇంట్లో ఐరిష్ తప్ప మాట్లాడం అని ఫైసలా చేసుకున్నాయి. వీళ్ళంతా ఐరిష్‌ను పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళే. 1971లో తమ పిల్లల కోసం బడి తెరిచారు. తొమ్మిది మంది పిల్లలు! సర్కార్ గుర్తింపు ఇవ్వలేదు, పైసా ఇవ్వలేదు. గల్లీల్లో తుపాకులు పేలుతున్న కాలం. పదమూడేళ్ళు చందాలతో నడిపితే 1984లో సర్కార్ దిగొచ్చి ఖర్చు భరించింది. ఇవాళ ఉత్తర ఐర్లాండ్‌లో ఐరిష్‌లో చదువుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు.

దక్షిణంలో కూడా అదే కాలంలో అమ్మానాన్నలు గుంపులు కట్టారు. 1973లో అందరినీ కలిపే సంస్థ ఏర్పడింది. ఈ బడుల్ని గేల్‌స్కొల్ అంటారు. పద్ధతి ఏమంటే, ముందు పది ఇళ్ళవాళ్ళు కలిసి చిన్నపిల్లల కోసం ఒక నీయన్రా పెడతారు, మన బాల్వాడీ లాంటిది. ఆ పిల్లలు పెరిగేలోపు బడి కోసం సర్కార్ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. అనుమతి వస్తే ఒక క్రీడా క్లబ్ హాల్లోనో రేకుల గదుల్లోనో మొదలవుతుంది. ఆ రేకుల గదుల్లోనే ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి. పక్కా బిల్డింగ్ వచ్చేసరికి మొదటి బ్యాచ్ పిల్లలు కాలేజీకి పోయి ఉంటారు. పదకొండు బడులు ఇవాళ నూట యాభై దాటాయి. అయినా ప్రైమరీ పిల్లల్లో పదిమందికి ఒకరు కూడా ఐరిష్ మీడియంలో లేరని మర్చిపోకూడదు.

తరగతి గది ఎట్లా నడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే 1922కూ ఇప్పటికీ ఫరక్ అంతా అక్కడే ఉంది. పిల్ల నాలుగైదేళ్ళకు వస్తుంది. ఇంట్లో అంతా ఇంగ్లీషే, అమ్మకు ఐరిష్ బడిలో నేర్చి మర్చిపోయినంత. టీచర్ మొదటి రోజు నుంచి ఐరిష్ తప్ప మాట్లాడదు. కోటు విప్పు, కూర్చో, చేతులు కడుక్కో, పాట పాడు. చేతులతో, మొహంతో, బొమ్మలతో చెప్తుంది. పిల్ల మొదట్లో ఇంగ్లీష్‌లో జవాబిస్తే కొట్టరు, తిట్టరు, మెడలో ఏమీ వేయరు. టీచర్ అదే మాట ఐరిష్‌లో తిరిగి చెప్తుంది, అంతే. కొన్ని నెలల్లో పిల్ల దానంతట అదే మారుతుంది. చదవడం రాయడం చాలా బడుల్లో ముందు ఐరిష్‌లో మొదలవుతాయి, ఇంగ్లీష్ కొంచెం ఆగి వస్తుంది. ఎంత ఆగాలన్నదాని మీద కూడా గొడవైంది. 2007లో విద్యాశాఖ, మొదటి ఏడు రెండో టర్ము నుంచే ఇంగ్లీష్ చెప్పాలని హుకుం జారీ చేసింది. అమ్మానాన్నలు, బడులు కోర్టుదాకా పోయి పోరాడితే ఆ హుకుం వెనక్కి పోయింది. చూశారా, తొంభై ఏళ్ళ కింద హుకూమత్ ఐరిష్‌ను రుద్దితే జనం ఈసడించుకున్నారు. ఇప్పుడు హుకూమత్ తగ్గించమంటే జనం కుదరదు అన్నారు. బడి తమదైతే మనుషులు ఇట్లా మారతారు.

ఇంగ్లీష్ దెబ్బతింటుందా? 2010లో ఐరిష్ మీడియం బడులకు ప్రత్యేకంగా పరీక్షలు పెట్టి చూశారు. గేల్‌స్కొల్ పిల్లలు ఇంగ్లీష్ చదవడంలో ముల్క్ సగటు కంటే ముందే ఉన్నారు. దీన్ని పట్టుకుని మాదరీ జబాన్ మహిమ అని ఎగరకండి. మొదటిది, వాళ్ళ ఇంటి భాష ఇంగ్లీషే. ఇల్లు, గల్లీ, టీవీ, ఫోన్ అన్నీ ఇంగ్లీషే. బడి ఆరు గంటలు ఐరిష్ అయినా ఇంగ్లీష్‌కు ఆకలి ఉండదు. రెండోది, అట్లా వెతికి వెతికి బడి ఎంచుకునే అమ్మానాన్నలు సగటున ఎక్కువ చదువుకున్నవాళ్ళు.

దీన్నుంచే పెద్ద షికాయత్ పుట్టింది. గేల్‌స్కొల్ అంటే అమీర్ పిల్లల బడి, వలసవచ్చినవాళ్ళ పిల్లల్ని తప్పించుకోవడానికి తెల్లవాళ్ళు ఎంచుకున్న దారి అని డబ్లిన్‌లో అనేవాళ్ళున్నారు. ఇందులో కొంత నిజం ఉంది, వలసవాళ్ళ పిల్లలు ఈ బడుల్లో తక్కువే. కానీ పూర్తి నిజం కాదు. డబ్లిన్‌లో బాలిమన్ అని ఒక బస్తీ ఉంది, సర్కార్ కట్టిన ఎత్తైన ఫ్లాట్లలో కూలీ జనాన్ని కుక్కిన చోటు. మొదటి గేల్‌స్కొల్‌లలో ఒకటి అక్కడే పుట్టింది. బెల్ఫాస్ట్ షాస్ రోడ్ కూడా కూలీల పేటల మధ్యదే. బీదవాడికి జబాన్ మీద షౌక్ ఉండదనుకోవడం పైవాళ్ళకు అలవాటు.

ఐర్లాండ్‌లో ప్రైమరీ బడులు నూటికి తొంభై దాకా కాథలిక్ చర్చి నిర్వహణలో ఉన్నాయి. జీతాలు సర్కార్‌వి, పెత్తనం చర్చిది. 1990లో డబ్లిన్‌లో సర్కార్ ఖర్చుతో మొదటి ముస్లిం ప్రైమరీ బడి మొదలైంది, అది ఇంగ్లీష్ మీడియం. గేల్‌స్కొల్‌లలో కాథలిక్‌వి ఉన్నాయి, అన్ని మజ్‌హబ్‌లకూ సమానమైనవీ ఉన్నాయి. ఆ రెండో రకం బడికి నాలాంటివాడు తన బిడ్డను పంపగలడు.

అక్కడికి పోయిన మనవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్తాను. 2022 జనగణనలో ఐర్లాండ్‌లో 45 వేలమందికి పైగా భారత పౌరులున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల పుణ్యాన వాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. పిల్లలు ఇంగ్లీష్ మీడియం బడిలో చేరినా ఐరిష్ సబ్జెక్ట్ చదవాల్సిందే. పన్నెండేళ్ళు నిండాక పోయినవాళ్ళకైతే మినహాయింపు అడగొచ్చు. ఎందుకు దండగ, ఫ్రెంచ్ నేర్పినా పనికొస్తుంది కదా అని వాట్సాప్‌లో విసుక్కునే తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ పిల్లకు ఇంట్లో తెలుగో ఉర్దూనో వస్తుంటే మూడో జబాన్ బరువు కాదు. ఆ ముల్క్ తన పోగొట్టుకున్న సొమ్మును వెతుక్కుంటుంటే మీ పిల్ల చేయి వేస్తుంది. కానీ ఇంట్లో తెలుగు కూడా మానేసి, బడిలో ఐరిష్‌ను మొక్కుబడి అని తిట్టుకుంటే, చేతిలో మిగిలేది ఒక్క ఇంగ్లీషే.

ఇప్పుడు మొదట చెప్పిన ఖాళీ దగ్గరికి రావాలి. 2010లో ఐర్లాండ్ సర్కార్ ఇరవై ఏళ్ళ ప్లాన్ వేసింది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు అప్పటికి 83 వేలమంది అనుకున్నారు, 2030 కల్లా రెండున్నర లక్షలు చేస్తామని వాయిదా చేశారు. 2016లో 73,803. 2022లో 71,968. గేల్‌స్కొల్‌లు పెరుగుతుంటే రోజువారీ మాట తగ్గుతోంది!

ఎందుకు? ఎనిమిదేళ్ళు ఐరిష్‌లో చదివిన పిల్ల మధ్యాహ్నం బడి గేటు దాటగానే ఇంగ్లీష్‌లోకి దిగుతుంది. దోస్తులతో ఇంగ్లీష్, అమ్మతో ఇంగ్లీష్, దుకాణంలో ఇంగ్లీష్. పన్నెండేళ్ళకు ప్రైమరీ అయిపోతే ఐరిష్ మీడియం హైస్కూల్ దగ్గర్లో ఉండదు. అవి చాలా తక్కువ. ఆ పిల్లలు మాట్లాడే ఐరిష్‌లో ఇంగ్లీష్ వాక్యాల అచ్చు దిగిపోతోందని, మాటలు ఐరిష్‌వైనా నడక ఇంగ్లీష్‌దని పరిశోధకులు చూపించారు. మన ఇంగ్లీష్ మీడియం పిల్లల తెలుగు విన్నవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

గేల్‌టాఖ్త్ కథ ఇంకా బాధ. అక్కడ ఐరిష్ ఇంటి భాషగా ఉన్న పిల్ల, ఇంగ్లీష్ ఇంటి నుంచి వచ్చిన పిల్లల మధ్య కూర్చుంటుంది. ఐదుగురిలో ఒకరికి ఐరిష్ రాకపోయినా ఆట ఇంగ్లీష్‌లోకి మారుతుంది. టీచర్ కొత్తవాళ్ళకు మొదటి నుంచి నేర్పుతుంటే ఇంటి నుంచి జబాన్ తెచ్చుకున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది. 2007లో సర్కారే చేయించిన ఒక పెద్ద అధ్యయనం, ఇట్లాగే నడిస్తే పదిహేను ఇరవై ఏళ్ళలో గేల్‌టాఖ్త్‌లో కూడా ఐరిష్ ఊరి భాషగా ఉండదని హెచ్చరించింది. ఆ గడువు దగ్గరపడుతోంది.

అయితే బడి బయట కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి. 1972లో ఐరిష్ రేడియో, 1996లో టీవీ చానెల్ వచ్చాయి. యూరప్ యూనియన్‌లో 2007 నుంచి అధికార భాష. 2022 నుంచి అన్ని కాగితాలూ ఐరిష్‌లోకి తర్జుమా కావాలి, దాంతో తర్జుమా చేసేవాళ్ళకు బ్రసెల్స్‌లో మంచి జీతాల కొలువులు. అన్ కాలీన్ క్యూన్ అనే ఐరిష్ సినిమా ఆస్కార్ పోటీదాకా పోయింది. బెల్ఫాస్ట్ పోరలు ఐరిష్‌లో ర్యాప్ పాడుతుంటే ఇంగ్లీష్ వాళ్ళు కూడా ఊగుతున్నారు. బడిలో నేర్చిన జబాన్‌కు రోజీ, రౌనక్ ఇట్లా బయట దొరికితేనే అది గేటు దాటుతుంది.

ఇక మన ఉర్దూ మీడియం. ఐర్లాండ్‌ను చూపించి పిల్లలందరినీ ఉర్దూ మీడియంలో వేయండి అనే మౌలానాలకు, ఉర్దూ మీడియం మూసేయండి అనే లెక్కల సార్లకు, ఇద్దరికీ నేను కాదనే అంటాను. గేల్‌స్కొల్ పిల్లకు ఇంగ్లీష్ గాలిలో దొరుకుతుంది. మన ఉర్దూ బడి పిల్లకు దొరకదు. ఆమె నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ బీడీలు చుడుతుంది. మా ఖాలా కూతురు చదివిన ఉర్దూ ప్రైమరీ బడిలో ఐదు తరగతులకు ఒక్క ఉస్తానీ. పుస్తకాలు దసరా తర్వాత వచ్చేవి. ఐదో తరగతి అయ్యాక ఉర్దూ హైస్కూల్ రెండు బస్సులు మారి పోవాల్సినంత దూరం. ఆ పిల్ల మానేసింది. అందులో జబాన్ చేసిన గునాహ్ ఏముంది?

1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రైమరీ తాలీమ్ మాదరీ జబాన్‌లో దొరికే ఏర్పాట్లు చేయమంటుంది. 2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. కాగితం మీద ఐరిష్‌కున్నంత షాన్ మనకూ ఉంది. మరోపక్క 2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీష్ మీడియంవి, రెండు వందలకు పైగా ఉన్నాయి. అక్కడ సీటు కోసం మన అమ్మలు బుర్ఖాలో ఎండలో లైన్లు కడుతున్నారు. ఆ అమ్మల్ని కౌమ్ గద్దార్లు అనేవాళ్ళను నేను మాఫ్ చేయను. వాళ్ళూ ఆ పడమటి పల్లె నాయనల్లాంటివాళ్ళే.

నేను అడిగేది ఇది. ఉర్దూ బడి ఉన్నచోట అది గేల్‌స్కొల్ లాగా ఉండాలి. తరగతికో ఉస్తాద్, మొదటి ఏడు నుంచి గట్టి ఇంగ్లీష్, గట్టి తెలుగు, జూన్‌లో పుస్తకాలు, ఆరో తరగతికి నడిచిపోయే దూరంలో హైస్కూల్. అప్పుడు అమ్మలు ఏ లైన్లో నిలబడతారో చూద్దాం. గురుకులంలో ఉర్దూ సబ్జెక్ట్ ఉన్నచోట కవితలు బట్టీ పట్టించడం కాకుండా, రోజూ గంటసేపు మాట్లాడించే ఉస్తాద్ ఉండాలి. ఇళ్ళలో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలకైతే ఉర్దూ మీడియం అని బలవంతం చేయకూడదు. వాళ్ళకు అది 1922 ఐర్లాండ్ అవుతుంది.

ఉర్దూ టీచర్ పోస్టుల సంగతి అందరికీ తెలిసిందే. రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు పోయిన ఉర్దూ మీడియం పోస్టులకు ఆ జబాన్ వచ్చిన అభ్యర్థులు దొరకరు. పోస్ట్ ఖాళీగా మిగిలి తర్వాతి డీఎస్సీకి పోతుంది, మళ్ళీ మిగులుతుంది. రిజర్వేషన్ హక్ మీద నాకు ఏ ఏతరాజ్ లేదు. ఆ వాటాను వేరే పోస్టుల్లో సర్దుబాటు చేసి ఇవి భర్తీ చేయడం ఒక జీవో పని. గేల్‌స్కొల్ అమ్మానాన్నలు ఒక సర్క్యులర్ మీద కోర్టుకు పోయారు. మన అంజుమన్లు ముషాయిరాల షామియానాలు విప్పాక ఒక్కసారి ఆ ఖాళీ పోస్టుల లిస్ట్ మండలాలవారీగా తీయించి, డీఈఓ ఆఫీస్ ముందు కూర్చోవాలి. లిస్ట్ తీయడానికి సమాచార హక్కు దరఖాస్తు ఫీజు పది రూపాయలు.